విశాఖ జూలో క్రిస్మస్ సాయంత్రం: ఇంటిల్లిపాదికీ సమగ్ర మార్గదర్శి

క్రిస్మస్ సెలవులు ఇచ్చారంటే చాలు, విశాఖలో పిల్లలున్న ఇళ్లలో "జూకి ఎప్పుడు తీసుకెళ్తావు నాన్నా?" అని మొదలవుతుంది. ఈ మధ్య దానికి ఇంకో కోరిక తోడైంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో జూ అంతా రంగుదీపాలతో వెలిగిపోతున్న వీడియోలు ఫోన్లో చూసి, మన జూకి కూడా చీకటి పడ్డాకే వెళ్దామంటున్నారు. అక్కడ కొన్ని జూలు డిసెంబరులో రాత్రిపూట ప్రత్యేకంగా తెరుస్తాయి. అప్పటికి చాలా జంతువులు లోపలి గదుల్లోకి వెళ్లిపోయి ఉంటాయి కాబట్టి జనం ఎక్కువగా చూసేది దీపాలనే.

మన ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. దీపాల కోసం ఆరింటికి బయల్దేరితే తాళం వేసిన గేటే కనిపిస్తుంది. పగలు భోజనం వేళకు వెళ్తే సింహం బోర్లా పడుకుని ఉంటుంది, పిల్లలు నీరసపడిపోతారు. ఈ రెంటికీ మధ్య మంచి సమయం ఒకటుంది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా జూ, అయిదు దాటాక పండగ వెలుగు. ఆ క్రమం తప్పకుండా, జంతువులను ఇబ్బంది పెట్టకుండా ఆ సాయంత్రం ఎలా గడపాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: రోజు ఎంచుకోవడం

సోమవారం జూకి సెలవు. దేశంలో ప్రతి జూ వారానికి ఒక్కరోజైనా సందర్శకులకు మూసి ఉంచాలన్నది నిబంధన. జంతువులకు విశ్రాంతి, వైద్యం, ఎన్‌క్లోజర్ల (అవి ఉండే ఆవరణల) మరమ్మతులు అన్నీ ఆ రోజే. పండగ సోమవారం పడిన ఏడాది తెరుస్తారా లేదా అన్నది ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. టికెట్ ధరలు, వేళలు కూడా అప్పుడే అడిగేస్తే పని అయిపోతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన రేట్లను నమ్ముకుని వెళ్లకండి.

డిసెంబరు 25, జనవరి 1 రెండూ జూకి బాగా జనం వచ్చే రోజులు. ఆ రోజు పులి ముందు మీ పిల్లాడికి దొరికేది పెద్దవాళ్ల వీపులే. క్రైస్తవ కుటుంబాలకు 25న ఉదయం ఆరాధన, మధ్యాహ్నం బంధువులు, బిర్యానీ ఎలాగూ ఉంటాయి. కాబట్టి 20 నుంచి 23 లోపు, లేదా 26 నుంచి 30 లోపు, శని ఆదివారాలు కాని రోజు చూసుకోండి. బుధ, గురువారాలు అన్నిటికన్నా నయం. పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ ప్రార్థన ఉన్న రోజైతే ఇంకా బాగా కుదురుతుంది: మధ్యాహ్నం జూ, రాత్రి ప్రార్థన.

తప్పనిసరిగా 25నే వెళ్లాల్సి వస్తే మాత్రం రెండింటికల్లా గేటు దగ్గర ఉండాలి. మూడు దాటితే పార్కింగ్ కోసం తిరగడంతోనే పొద్దు గడిచిపోతుంది.

రెండో అడుగు: సంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

విశాఖ డిసెంబరు మధ్యాహ్నం చలిగా ఏమీ ఉండదు. ఎండలో ఇరవై ఎనిమిది డిగ్రీల దాకా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం ఉన్న చోటు కాబట్టి గాలి మారుతుంది. చిన్నపిల్లలకు పల్చటి స్వెట్టర్ ఒకటి చాలు. స్వెట్టర్ కన్నా ముఖ్యం నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు. చుట్టూ అడవి, లోపల నీటి గుంటలు, పొద్దు వాలగానే దోమలు బయల్దేరతాయి. దోమల మందు ఇంట్లోనే రాసేసి తీసుకెళ్లండి.

నీళ్లు స్టీలు సీసాలో పట్టుకెళ్లండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ విషయంలో నగరంలో కట్టుబాట్లు ఉన్నాయి, జూలో ఇంకా గట్టిగా ఉంటాయి. చిప్స్ ప్యాకెట్లు, క్యారీబ్యాగులు గేటు దగ్గర తీయించేస్తే పిల్లలు ఏడుస్తారు, అసలు పట్టుకెళ్లకపోతే సరి. తిండి సంగతికొస్తే, ఇంట్లో కడుపు నిండా భోంచేసి బయల్దేరడం ఉత్తమం. ప్లమ్ కేకు, అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు అన్నీ డబ్బాలో సర్ది బండిలోనే వదిలేయండి. అవి సాయంత్రం బీచ్‌లో తినడానికి.

బెలూన్లు, పీపీ బూరలు, ఈలలు, నురగ చిమ్మే స్నో స్ప్రేలు, మెరుపు కాగితాలు, తారాజువ్వలు: ఇవేవీ వద్దు. బెలూన్ చేతిలోంచి జారి ఎన్‌క్లోజర్‌లో పడితే దాన్ని జంతువు నమిలి మింగే ప్రమాదం ఉంది, రబ్బరు పేగుల్లో అడ్డం పడుతుంది. బ్లూటూత్ స్పీకరు పెట్టి క్యారల్స్ వాయించుకుంటూ తిరిగే కుర్రాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఆ పాటలకు మంచి చోట్లు ఊళ్లో ఎన్నో ఉన్నాయి, దుప్పుల మంద పక్కన మాత్రం కాదు.

క్రిస్మస్ తాత టోపీ పెట్టుకోవచ్చా అని అడుగుతారు. నిరభ్యంతరంగా పెట్టుకోండి. పులులూ సింహాలూ ఎరుపును మనలా చూడలేవు, వాటికి అది మసక రంగే. కోతుల సంగతి వేరు, మన దేశపు కోతులకు ఎరుపు మనలాగే కనిపిస్తుంది. అయినా వాటిని కలవరపెట్టేది టోపీ రంగు కన్నా ముఖానికి పెట్టుకున్న తాత మాస్కు, టోపీకి కట్టిన గంటలు. మాస్కు, గంటలు తీసేసి టోపీ ఉంచుకోండి.

మూడో అడుగు: చేరుకోవడం

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి జూ సుమారు పది కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద హనుమంతవాక దాటి ఎండాడ వైపు వెళ్తుంటే ప్రధాన గేటు వస్తుంది. మద్దిలపాలెం మీదుగా మధురవాడ, తగరపువలస వైపు పోయే సిటీ బస్సులు ఆ దారినే వెళ్తాయి. మద్దిలపాలెంలో షేర్ ఆటోలూ దొరుకుతాయి. రెండో గేటు సముద్రం వైపు, సాగర్‌నగర్‌లో ఉంది. బీచ్‌రోడ్డు మీదుగా వచ్చేవాళ్లకు అదే దగ్గర.

సొంత బండి లేకపోతే మీకో వెసులుబాటు ఉంది. హైవే గేటులో దిగి, జూ చూసుకుంటూ సాగర్‌నగర్ వైపు బయటికి రావచ్చేమో టికెట్ కౌంటరులో అడగండి. ఒప్పుకుంటే సాయంత్రం నేరుగా సముద్రం ఒడ్డుకే చేరతారు. కారులో వచ్చినవాళ్లు మాత్రం దిగిన గేటుకే తిరిగి రావాలి కాబట్టి ముందే లెక్క చూసుకోండి. అయిదింటికి అలిసిన పిల్లల్ని ఎత్తుకుని ఎత్తుపల్లాల దారిలో అవతలి గేటు దాకా నడవడం ఎవరికీ మంచిది కాదు.

కారు ఆపే చోట అద్దాలు మూసి, తిండి డబ్బా సీటు కింద పెట్టండి. చుట్టుపక్కల బయటి కోతులు కేకు వాసన ఇట్టే పట్టేస్తాయి.

నాలుగో అడుగు: లోపల మొదటి గంటన్నర

1977లో తెరిచిన ఈ జూ 625 ఎకరాల్లో ఉంది. కంబాలకొండ అడవిలోంచి కొంత కేటాయించి కట్టారు కాబట్టి మూడు వైపులా తూర్పు కనుమలు, నాలుగో వైపు బంగాళాఖాతం. అన్ని ఎకరాలూ మూడు గంటల్లో చూసేద్దామనుకుంటే ఏదీ చూసినట్టుండదు. అయిదారు జంతువులు ఎంచుకుని ఒక్కోదాని ముందు పది నిమిషాలు నిలబడండి. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహాల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే.

గేటు దాటగానే రెండు పనులు. మ్యాపు బోర్డును ఫోన్లో ఫొటో తీసుకోండి. తర్వాత అక్కడున్న సిబ్బందిని "అన్నా, పులుల్ని లోపలికి ఎన్నింటికి పంపిస్తారు?" అని అడగండి. ఆ జవాబును బట్టే మిగతా సాయంత్రం నడుస్తుంది. మామ్మలు, తాతయ్యలు, బాలింతలు ఉంటే బ్యాటరీ బండి ఎక్కించండి. నడవగలిగినవాళ్లు నడవడమే మేలు. బండి ఆగే చోట్ల జనం గుంపులుగా దిగుతారు, నడిచేవాళ్లకు మధ్యలో ఖాళీ దొరుకుతుంది.

రెండు నుంచి మూడున్నర దాకా ఎండలో కూడా మెలకువగా కదిలేవాటిని చూడండి: జిరాఫీ, ఏనుగులు, పక్షులు, మొసళ్లు. మొసలి కదలకపోయినా దాన్ని చూడాల్సిన వేళ ఇదే. చలికాలంలో ఒంట్లో వేడి పుట్టించుకోలేక ఒడ్డుకొచ్చి నోరు తెరుచుకుని ఎండ కాగుతుంది. "బొమ్మలా ఉంది" అని పిల్లలు ముందుకెళ్లిపోతే ఆపి, దాని పొట్ట మీద చూపు నిలపమనండి. ఊపిరికి అది మెల్లగా లేచి దిగడం కనిపిస్తే వాళ్లు ఇక కదలరు.

నీటిగుర్రాన్ని కూడా ఇప్పుడే ఒకసారి చూసి, వీలైతే వెళ్లేముందు మళ్లీ చూడండి. పగలంతా నీళ్లలో ముక్కు, కళ్లు, చెవులు మాత్రమే బయటపెట్టి ఉంటుంది. దాని చర్మం ఎండకు తొందరగా ఎండిపోతుంది, అందుకే మేతకు బయటికి రావడం చల్లబడ్డాకే.

నెమలి గురించి ముందే చెప్పి ఉంచండి. వానాకాలం ముగిసేసరికి మగ నెమళ్లు పొడవాటి ఈకలు రాల్చేస్తాయి. మళ్లీ నిండుగా పెరిగేసరికి వేసవి ముఖం పడుతుంది. డిసెంబరులో పురి విప్పి ఆడే నెమలి కోసం ఎదురుచూస్తే నిరాశే. పొద్దువాలే వేళ కొమ్మల మీదికి చేరుతూ అవి అరిచే అరుపు మాత్రం అడవి అంతా వినిపిస్తుంది.

అయిదో అడుగు: మూడున్నర తర్వాత పులుల దగ్గర

ఈ ప్రయాణానికి ఆయువుపట్టు ఇదే, మిగతా చోట్ల ఆలస్యమైతే వాటిని వదిలేసైనా మూడున్నరకు ఇక్కడికి రండి.

సింహం రోజులో పదహారు నుంచి ఇరవై గంటలు విశ్రాంతిలోనే ఉంటుంది. పులులూ ఎండపొద్దు నీడలో గడిపి సందెవేళకు లేస్తాయి. జూలో దానికి ఇంకో కారణం తోడవుతుంది. పెద్ద మాంసాహార జంతువులకు రోజుకు ఒక్కపూటే తిండి, అదీ సాయంత్రం నైట్ హౌస్ (రాత్రి ఉండే గది) లోపల పెడతారు. చాలా జూలలో వారంలో ఒకరోజు అదీ ఉండదు, అడవిలో రోజూ వేట దొరకదు కాబట్టి ఉపవాసం వాటి ఒంటికి మంచిది. కాబట్టి నాలుగు అవుతుండగా పులి లేచి ఒళ్లు విరుచుకుని నడక మొదలుపెడుతుంది.

ఎక్కడ చూడాలో తెలిస్తే ఇంకా బాగుంటుంది. జనం అంతా అద్దానికో కందకానికో ఎదురుగా నిలబడతారు. మీరు ఎన్‌క్లోజర్ వెనక గోడలో ఉండే చిన్న ఇనుప తలుపు వైపు చూడండి. పులి నాలుగు అడుగులు వేసి ఆ తలుపు దగ్గర ఆగుతుంది, ముక్కు ఆనించి వాసన చూస్తుంది, వెనక్కి తిరిగి మళ్లీ వస్తుంది. లోపల బకెట్ చప్పుడైతే చెవులు ముందుకు తిరుగుతాయి, ఒళ్లు కదలదు. ఆ చెవుల వెనక నల్లటి రంగు మీద తెల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. వెనక నుంచి చూస్తే రెండు కళ్లలా కనిపిస్తుంది. దాన్ని ముందుగా ఎవరు కనిపెడతారో పిల్లలకు పందెం పెట్టండి. దాన్ని చూసుకునే కీపరు పేరు పెట్టి పిలిచినా, గొలుసు చప్పుడైనా అది ఒక్క ఉదుటున లోపలికి వెళ్లిపోతుంది. అంతే, ఆ రోజుకు ఇక బయటికి రాదు. ఆ సమయంలో "ఏయ్, ఇటు చూడు!" అని అరవడం, అద్దం మీద కొట్టడం చేస్తే అది తలుపు దగ్గర తటపటాయిస్తుంది. కీపర్ల పని ఆలస్యమవుతుంది, దాని తిండీ ఆలస్యమవుతుంది.

తెల్లపులి దగ్గర జనం ఎక్కువ. పిల్లలు అది మంచు దేశం నుంచి వచ్చిందనుకుంటారు, క్రిస్మస్ కాలం కదా. అది వేరే జాతి కాదు, మన బెంగాల్ పులే. రంగును అణిచే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినప్పుడు అలా పుడుతుంది. జూలలో కనిపించే తెల్లపులుల్లో చాలావాటి వంశం 1951లో మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో పట్టుకున్న మోహన్ అనే మగపిల్ల దగ్గరికే చేరుతుంది. ఒకే వంశంలో జతకట్టించడం వల్ల వాటికి పుట్టుకతో లోపాలు వస్తాయి. ఎదిగిన పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి, అందంగా ఉందని మాత్రమే చెప్పి ఊరుకోకూడదు.

తెల్లపులి ముందు గుమిగూడే జనంలో సగం మందికి రేచుకుక్కల సంగతి తెలియదు. విశాఖ జూ దేశంలో రేచుకుక్కల సంరక్షణ, పునరుత్పత్తికి ముఖ్య కేంద్రం. ఎర్రటి ఒళ్లు, కుచ్చు లాంటి నల్లటి తోక, నక్క కన్నా బలంగా, తోడేలు కన్నా చిన్నగా ఉంటాయి. ప్రపంచంలో పెరిగిన రేచుకుక్కలు రెండున్నర వేల లోపే ఉంటాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా, అంటే అడవుల్లో మన పులుల కన్నా తక్కువే. అవి మొరగడం కన్నా ఈల వేసుకోవడం ఎక్కువ. దట్టమైన అడవిలో చెదిరిపోయిన మంద మళ్లీ కలుసుకోవడానికి ఆ ఈలే ఆసరా. సాయంత్రం వాటి దగ్గర అయిదు నిమిషాలు నోరు మెదపకుండా నిలబడండి. వినిపిస్తే మీ అదృష్టం. మీరు మాత్రం తిరిగి ఈల వేయకండి.

ఫొటోలకు ఫ్లాష్ ఆపేయండి. అద్దం ఉన్న చోట ఫోన్ కెమెరాను అద్దానికి ఆనించి పట్టుకుంటే మన నీడ పడదు. కంచె ఉన్న చోట జంతువు కంచెకు దూరంగా ఉన్నప్పుడు తీస్తే తీగలు మసకబారిపోతాయి.

ఆరో అడుగు: "రెయిండీర్ ఏది?" అన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండటం

క్రిస్మస్ కార్డుల మీద, కేకుల మీద చూసిన రెయిండీర్ కోసం పిల్లలు తప్పకుండా అడుగుతారు. ధ్రువ ప్రాంతపు చలికి పుట్టిన జంతువు అది, విశాఖ ఉక్కపోతలో దాన్ని ఉంచితే హింసే. ఆ మాట చెప్పి, చుక్కల దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు), కృష్ణజింకలు ఉన్న వైపు తీసుకెళ్లండి. పిల్లలు అడిగినదానికి అసలైన జవాబు అక్కడుంది.

ముందు దుప్పుల మందను చూపించి, కొమ్ములున్నవి ఎన్ని, లేనివి ఎన్ని లెక్కపెట్టమనండి. కొమ్ములు మగవాటికే. అవి కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటా రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. చుక్కల దుప్పులన్నీ ఒకేసారి కొమ్ములు రాల్చవు కాబట్టి డిసెంబరులో ఒకే మందలో మూడు రకాలూ కనిపించే అవకాశం ఉంది: గట్టిగా మెరిసే కొమ్ములవి, మెత్తటి నూగు కప్పిన లేత కొమ్ములవి, అసలే లేని మగవి. ఆ నూగు కింద నెత్తురు పారుతుంది, లేత కొమ్ము పెరిగేది దానివల్లే. తర్వాత కృష్ణజింక దగ్గరికి రండి. మర తిప్పినట్టు మెలికలు తిరిగిన దాని కొమ్ములు చీలవు, జీవితాంతం రాలవు. అన్నట్టు అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

ఇప్పుడు రెయిండీర్ కథ చెప్పండి. జింక జాతుల్లో ఆడవాటికి కూడా కొమ్ములుండేది రెయిండీర్‌లోనే. మగవి శరదృతువులో పోట్లాటలు అయిపోయాక, క్రిస్మస్ నాటికి దాదాపుగా కొమ్ములు రాల్చేసుకుంటాయి. ఆడవి మాత్రం వసంతంలో పిల్లలు పుట్టేదాకా ఉంచుకుంటాయి, మంచు తవ్విన చోట దొరికిన మేతను కాపాడుకోవడానికి అవి పనికొస్తాయి. మరైతే క్రిస్మస్ తాత బండి లాగే కొమ్ముల జింకలు ఆడవా, మగవా? ఆరేళ్లు దాటిన పిల్లలెవరైనా ఈ చిక్కుముడి విప్పేస్తారు, ఇంటికెళ్లి అమ్మమ్మకు కూడా చెబుతారు.

ఇంట్లో క్రిస్మస్ పాక (యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ) కట్టే అలవాటున్నవాళ్లకు ఇంకో మాట. దుప్పి పడుకునే తీరు, మోకాళ్లు మడిచే తీరు గమనించి రమ్మని పిల్లలకు చెప్పండి. పాకలో పెట్టే మట్టి పశువులను ఈసారి వాళ్లే చేస్తారు. ఆవు, గొర్రె కూడా దాదాపు అలాగే కూలబడతాయి, ముందు మోకాళ్లు వంచి, తర్వాత వెనక భాగం దించి.

ఏడో అడుగు: హద్దులు

కేకు ముక్క విసరడం పండగ ఔదార్యం అనుకునేవాళ్లు ఉన్నారు. ప్లమ్ కేకులోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడు చేస్తుంది, చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ వాటికి విషం. రేచుకుక్క, తోడేలు, నక్క అదే కుటుంబం. దుప్పికి మైదా, చక్కెర పడితే కడుపులో పులిసి ఉబ్బిపోతుంది, నెమరువేసే జంతువుకు అది ప్రాణం మీదికి తెస్తుంది. కోతికి పళ్లు బయటపెట్టి నవ్వడం కూడా వద్దు. చాలా కోతుల భాషలో అది బెదిరింపో భయమో అవుతుంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువుల్ని వేధించడం, తిండి పెట్టడం, అల్లరితో ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం నేరం. ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఎవరైనా అలా చేస్తుంటే వాళ్లతో గొడవపడకండి, దగ్గర్లోని సిబ్బందికి చెప్పండి. పిల్లల ముందు చెప్పడం ఇంకా మంచిది.

ఎనిమిదో అడుగు: పిల్లలకు గుర్తుండే క్రిస్మస్ కానుక

గేటు దాటేముందు జూ కార్యాలయంలో జంతువుల దత్తత గురించి అడగండి. మనం ఒక జంతువును ఎంచుకుని కొంతకాలం దాని తిండి ఖర్చు భరించడమే దత్తత. ఏనుగు, పులి పేరు వింటే గుండె గుభేలుమనే మొత్తం కావచ్చు గానీ చిలుకకో చిన్న పక్షికో మధ్యతరగతి కుటుంబం తేలిగ్గానే కట్టగలదు. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి తాతయ్య ఇచ్చిన పండగ డబ్బుల్లోంచి తలా కాస్త వేసుకోవచ్చు. బ్యాటరీ అయిపోగానే మూలపడే రిమోట్ కారు కన్నా ఇది నాకు ఎంతో ఇష్టమైన కానుక. కార్యాలయం పనివేళలు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఈ పని సందర్శన మొదట్లోనే ముగించుకుంటే ఇంకా నయం.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ జూ చెట్లను పెకలించి, కంచెలను కూల్చినప్పుడు మళ్లీ నిలబెట్టడానికి చాలా శ్రమపడాల్సి వచ్చింది. ఇప్పుడు మనం నడిచే దారిలో లేతగా కనిపించే చెట్లు చాలావరకు ఆ తర్వాత నాటినవే. ఊరి జనం చేయూత దీనికి ఎప్పుడూ అవసరమే.

తొమ్మిదో అడుగు: అయిదింటి తర్వాత

డిసెంబరు చివర్లో విశాఖలో అయిదున్నరకే పొద్దు గూకుతుంది. పడమట కొండ ఉండటంతో జూలో ఇంకా ముందే నీడ పరుచుకుంటుంది. మూసే వేళకు సిబ్బంది ఈల వేయకముందే గేటు వైపు నడవండి. బయటికొచ్చాక అడవి పక్కన తచ్చాడొద్దు. కంబాలకొండలో చిరుతలు తిరుగుతాయి, చీకటి పడ్డాక ఆ పరిసరాలు వాటివి. అక్కడ బాణసంచా కాల్చడం అసలే వద్దు.

ఇక్కడి నుంచి రెండు దారులు. పసిపిల్లలు ఉన్నవాళ్లు సాగర్‌నగర్, జోడుగుళ్లపాలెం వైపు సముద్రం ఒడ్డుకు వెళ్లండి. బండిలో దాచిన కేకు, అరిసెల డబ్బా ఇప్పుడు తెరవాలి. దగ్గర్లోనే కైలాసగిరి, తెన్నేటి పార్కు. ఈ తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. జోడుగుళ్లపాలెం దగ్గర వాటి గుడ్లను కాపాడే హ్యాచరీ ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం మీద పడే వెలుతురును చూసి నీళ్ల వైపు నడుస్తాయి, ఒడ్డున బలమైన దీపాలుంటే దారి తప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. కొవ్వొత్తులు వెలిగించుకోవాలన్నా, మెరిసే స్టార్ పట్టుకుని ఫొటోలు దిగాలన్నా ఇసుకలోకి పోకుండా రోడ్డు పక్క గట్టు మీదే కానివ్వండి.

కాస్త ఎదిగిన పిల్లలుంటే పాతనగరానికి పోవచ్చు. జ్ఞానాపురంలోని సెయింట్ పీటర్స్ కథీడ్రల్ దగ్గర, అక్కడి వీధుల్లో ఇంటింటికీ వెలిగే నక్షత్రాలు చూడటానికే వెళ్లొచ్చు. హార్బరు పక్కన రాస్ హిల్ మీద మరియమాత గుడి ఉంది. 1864లో రాస్ అనే దొర కట్టుకున్న ఇల్లు తర్వాత గుడిగా మారింది. ఏటా డిసెంబరు 8న అక్కడ పెద్ద పండగ. పక్క కొండల మీద ఒకచోట దర్గా, ఇంకోచోట వెంకటేశ్వరస్వామి గుడి. రాత్రి కొండ ఎక్కనిస్తారో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి. పైనుంచి ఓడల దీపాలు, ఊరి దీపాలు రెండూ కనిపిస్తాయి.

24వ తేదీ రాత్రి అయితే పాతనగరం వైపు కారు తీసుకెళ్లొద్దు. అర్ధరాత్రి ఆరాధనకు వచ్చే జనంతో సందులన్నీ నిండిపోతాయి. జగదాంబ దగ్గరే బండి ఆపి ఆటో ఎక్కండి, తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటో అబ్బాయి నంబరు తీసుకుని ఉంచుకోండి.